తీగ వద్దు

మహబూబాబాద్ స్కానింగ్ గది పరీక్షలో తప్పింది సోమాచారి చేతి వల్ల కాదు, నా వల్ల. తొమ్మిదేళ్ల కిందట ఆరుగురు మనుషుల ముందు చెప్పవలసిన ఈ మాట నేను చెప్పలేదు. ఆయన నన్ను సూటిగా అడిగినప్పుడు కూడా చెప్పలేదు.

మొన్న జనగామ బస్టాండు ఎదురు సందులో క్షవరం చేయించుకుంటున్నాను. వాన జల్లు లోపలికి కొడుతోందని దుకాణదారు ఇనుప షట్టరును ముప్పావు వంతు కిందికి లాగాడు. అప్పటిదాకా గోడకున్న రేడియోలో హాయిగా సాగుతున్న పాట ఒక్కసారిగా సన్నగిల్లి, రేకు మీద ఇసుక జల్లినట్టు గరగర మొదలైంది. "ఈ డబ్బా గింతే సార్, షట్టర్ దించితే దీని గొంతు పోతది" అన్నాడాయన. తరువాత కత్తి నూరుకుంటూ, మా నాన్న దుకాణం గుర్తు చేసుకుంటూ, "మీ దగ్గర బిందెలకు మాట్లేసే చారి పోయిండంట గద. మా ఇంట్ల రాగి చెంబుకు ఆయన ఏసిన మాటు ఇప్పటికి చుక్క కారలే. పాపం, ఆఖరుకు చెయ్యి తప్పిందంట. మానుకోటల ఏదో దవాఖాన పని ఖరాబు చేసిండంట" అన్నాడు. నా మొహం నిండా సబ్బు నురగ ఉంది. నురగ తుడిచాక అసలు సంగతి ఆయనకు చెప్పాను. విని, "అట్లనా" అని ఊరుకున్నాడు. ఒక్కరికి చెబితే సరిపోదని అప్పుడే అనిపించింది. సోమాచారిని ఎన్నడూ చూడని వాళ్లకు కూడా తెలియాలని ఇది రాస్తున్నాను.

మాటు అంటే మా వైపు లోహపు పాత్రకు వేసే అతుకు. మా నాన్నకు జనగామ బజారులో ఇత్తడి, స్టీలు సామాన్ల దుకాణం ఉండేది. పక్కనే ఉన్న పెంబర్తి నుంచి సోమాచారి వారానికి ఒకసారి వచ్చి, మా దుకాణం అరుగు మీద కూర్చుని ఓటి బిందెలు, చిల్లు పడిన గంగాళాలు బాగు చేసేవాడు. నాన్నను సేటు అనేవాడు, నన్ను చిన్న సేటు అనేవాడు. నాన్న పోయిన ఏడాది నుంచి ఆ 'చిన్న' తీసేశాడు. నాకు వ్యాపారం అబ్బలేదు. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి, హైదరాబాదులో స్కానింగ్ గదులకు రాగి కవచం కట్టే ఒక చిన్న కంపెనీలో కుదిరాను. మనిషి ఒంటి నుంచి వచ్చే అతి సన్నని రేడియో సంకేతాన్ని ఆ స్కానింగ్ మిషన్ వింటుంది. బయటి రేడియో స్టేషన్లు, సెల్ టవర్లు, ఆటో ఇంజన్ల నిప్పురవ్వలు అదే చెవిలో అరిస్తే బొమ్మ మీద గీతలు పడతాయి. అందుకని నేల, గోడలు, కప్పు, తలుపు అన్నిటినీ రాగిరేకుతో సందు లేకుండా కప్పేస్తాం. కిటికీ అద్దంలో కూడా రాగి జల్లెడ ఉంటుంది. తలుపు అంచు చుట్టూ రాగి పత్తీలు దువ్వెన పళ్లలా వరుసగా ఉండి, తలుపు వేయగానే చట్రాన్ని గట్టిగా అంటుకుంటాయి.

మహబూబాబాద్‌ను మేం మానుకోట అంటాం. అక్కడి స్కానింగ్ సెంటరు బజారు మధ్యలో, ఇరుకైన పాత భవనంలో పెడుతున్నారు. కంపెనీలో తయారైన పెద్ద పెద్ద పలకలు ఆ నడవాలోంచి లోపలికి పోవు. రేకును చుట్టలుగా తీసుకుపోయి, అక్కడే చేత్తో మడిచి, మాట్లు వేయాలి. ఆ పని చేసే మనిషి ఎవరని మా యజమాని అడిగితే నేను సోమాచారి పేరు చెప్పాను. ఆయనకు నచ్చలేదు. "బిందెలు బాగుచేసే ఆయన్నా? సరే, పూచీ నీదే" అన్నాడు.

నేను పెంబర్తి వెళ్లేసరికి సోమాచారి కొలిమి ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. సన్నని మనిషి, చెవి మీద పెన్సిలు, ఎడమ చేతి బొటనవేలి గోరు ఎప్పుడో సుత్తి తగిలి నల్లబడి ఉండేది. రేగొండ దగ్గర ఏదో ఊరి అమ్మవారికి రాగి కవచం చేస్తున్నాడు. సగం దాకా తీర్చిన ముఖం నల్లటి లక్క దిమ్మ మీద వెల్లకిలా పడుకుని ఉంది, కళ్లు ఇంకా చెక్కలేదు. ఆయన పక్కన చిన్న ట్రాన్సిస్టరు ఏదో పాడుతోంది.

"ఇంకో కవచం ఉన్నదన్నా, చేస్తవా?" అన్నాను.

"ఏ దేవునికి?"

"దేవునికి కాదు, మిషన్‌కు."

"మిషన్‌కు కవచమేంది సేటు, దానికి దిష్టి తగుల్తదా?"

"దిష్టి కాదు, రేడియో తగుల్తది."

ఆయన సుత్తి పక్కన పెట్టి చాలాసేపు నవ్వాడు. "మేం రేడియో రావాల్నని ఇంటి మీద తీగ కడ్తం. మీరు రావద్దని రేకు కొడ్తరా?" అన్నాడు. తరువాత, "లోపట ఎవరుంటరు?" అని అడిగాడు. రోగి ఉంటాడని, అరగంట పైన కదలకుండా పడుకోవాలని చెప్పాను. ఆయన నవ్వు ఆపేశాడు. "గట్లయితే మిషన్‌కు అనకు. మనిషికి కవచం అను. పా, కొలత తీద్దాం" అన్నాడు.

కొలత కూడా అమ్మవారికి తీసినట్టే తీశాడు. టేపు ముట్టలేదు. పాత క్యాలెండరు కాగితాలను పట్టీలుగా కోసి, గోడకు ఆనించి, మూలల్లో గోరుతో గీత గీసి, ప్రతి పట్టీ మీద గుర్తు వేసుకున్నాడు. టేపు వాడితే తొందరగా అవుతుంది కదా అంటే, "టేపు గోడ పొడుగు చెప్తది గని, గోడ ఏడ వంకర పోయిందో చెప్పదు" అన్నాడు. ఆ గదిలో ఒక్క గోడా నిటారుగా లేదు. అది ఆయన కాగితాల వల్లే మాకు తెలిసింది. కంపెనీ గీసిన పటాన్ని మొత్తం మార్చి గీశాను.

నెల రోజులు ఇద్దరం ఆ గదిలోనే ఉన్నాం. రేకు అంచులను ఒకదానిలో ఒకటి మడిచి, తోముడు గుడ్డతో తళతళలాడేదాకా తోమి, తేనెరంగు బంక రాసి, కాల్చిన కడ్డీతో తగరం కరిగించి పోసేవాడు. వంట పాత్రలకు వాడే నవసాగరం మాత్రం ఇక్కడ ముట్టనివ్వలేదు, అది గోడల వెనక ఏళ్ల తరబడి రాగిని తింటుందని నేను చెప్పగానే ఒక్క ప్రశ్నతో ఒప్పుకున్నాడు: "నీకు తెలుసా, ఎవరన్న చెప్పిండ్రా?" పుస్తకంలో చదివానన్నాను. "అయితే ఒక ముక్క చేసి చూద్దాం" అని, రెండు రేకు ముక్కలను రెండు రకాలుగా అతికి, తడి గోనె పట్టాలో చుట్టి మూల పడేశాడు. పదిహేను రోజులకు విప్పితే నవసాగరం వేసినది పచ్చగా చిలుముపట్టి ఉంది. ఆ తరువాత నేను చెప్పింది ఏదైనా ముందు నమ్మి, తరువాత పరీక్షించేవాడు. నన్ను నమ్మడం ఆయనకు అలా అలవాటైంది.

గది మూతపడిన రోజు ఆయన తన ట్రాన్సిస్టరును తెచ్చి, పాట పెట్టి, లోపల నన్ను కూడా కూర్చోబెట్టి తలుపు వేయించాడు. పాట సన్నబడింది కానీ ఆగలేదు. "ఎక్కడ్నో కారుతున్నది" అన్నాడు, ఓటి కుండ గురించి చెప్పినట్టే. ట్రాన్సిస్టరును గోడ వెంట జానెడు జానెడు జరుపుతూ పోయాడు. కిటికీ కింద ఒక చోట పాట లేచింది. సుద్దతో గీత గీసి, మడత విప్పి చూస్తే లోపల బట్టపోగు ఒకటి ఇరుక్కుని ఉంది. అప్పుడు అక్కడ డాక్టరు ఉన్నాడు, వడ్రంగులు ఉన్నారు, హైదరాబాదు నుంచి వచ్చిన మా యజమాని ఉన్నాడు. సోమాచారి ఏ తడబాటూ లేకుండా, "నాదే సారు. నిన్న పొద్దుమీకి జర తొందర పడ్డ" అన్నాడు. వెంటనే కడ్డీ కాల్చుకుని సరిచేశాడు. మళ్లీ తలుపు వేస్తే పాట తెగిపోయి గరగర మిగిలింది. "పాట సచ్చింది" అని చేతులు జోడించి గోడకు దండం పెట్టాడు. అందరి ముందు తప్పు ఒప్పుకోవడం ఎంత తేలికో ఆ సాయంత్రం నా కళ్ల ముందే చూపించాడు. నేను చూశాను, నేర్చుకోలేదు.

ఆక్సిజన్ గొట్టం గోడలోంచి లోపలికి రావడానికి ఒక రాగి గొట్టం పెట్టాం. బొటనవేలు పట్టేంత సన్నం, మూరెడు పొడవు. అంత పెద్ద రంధ్రం ఉంచి ఊదు పొగంత సందును వెతుకుతున్నామేమిటని ఆయన అడిగాడు. సన్నని పొడుగాటి గొట్టంలోంచి గాలి పోతుంది కానీ, రేడియో అల దారిలోనే సన్నగిల్లి ఆగిపోతుందని చెప్పాను. నమ్మాడు, తరువాత పరీక్షించాడు. ట్రాన్సిస్టరును గొట్టం మూతి దగ్గర పెడితే గరగరే వచ్చింది. సంతోషించి, లోపల శుభ్రంగా ఉందో లేదో చూద్దామని ఇనుప చువ్వ ఒకటి గొట్టంలోకి దూర్చాడు. చువ్వ అటు బయటికి వచ్చిందో లేదో, ఇటు పాట గొంతెత్తింది. చువ్వ తీశాడు, పాట పోయింది. పెట్టాడు, వచ్చింది. చిన్నపిల్లాడిలా పదిసార్లు అదే చేశాడు.

"గిదేంది సేటు, చువ్వ పట్టుకొని లోపటికి నడిచొస్తుందా పాట?"

"అంతే అన్నా. గొట్టం ఒక్కటే ఉంటే రాదు. లోపల నుంచి లోహం ఏదన్నా పోతే దాన్ని పట్టుకొని వస్తది. సన్న తీగైనా చాలు. కరెంటు తీగలు తేవాలంటే ఫిల్టరు డబ్బాలోంచే తేవాలె."

ఆయన సంచిలోంచి చిన్న ఉలి తీసి, ఆ గొట్టం చుట్టూ ఉన్న రాగి కట్టు మీద అక్షరాలు కొట్టాడు. తీగ వద్దు. బడికి పోయింది తక్కువ కాబట్టి అక్షరాలు వంకరగా వచ్చాయి, లోతుగా వచ్చాయి. "రేపు నువ్వుండవ్, నేనుండ. తెల్వనోడు ఎవడో వచ్చి తీగ పెడ్తడు. వానికి ఎవరు చెప్తరు?" అన్నాడు. ఆ తీగ పెట్టేవాడు తెలియనివాడు కాదు.

మా పరీక్షలో గది నెగ్గింది. లోపల చెక్క పలకలు, రంగులు మొదలయ్యాయి. భూపాలపల్లిలో ఉన్న కూతురు భాగ్యకు కాన్పు అయిందని సోమాచారి అక్కడికి పోయాడు. భాగ్య భర్త బొగ్గుబావిలో పని చేస్తాడు, క్వార్టర్సులో ఉంటారు. ఆయన పోయిన రెండో రోజు డాక్టరు నన్ను పిలిచి, రోగిని తన గదిలోని టీవీలో చూసుకునేలా స్కానింగ్ గది లోపల కెమెరా కావాలన్నాడు. ముందు అనుకోని పని. పద్ధతిగా అయితే ఆ తీగకు ఫిల్టరు తెప్పించాలి, వారం పడుతుంది. ప్రారంభోత్సవానికి పెద్దలను పిలిచేశారు, వాళ్లు వచ్చే రోజు మారదు. మధ్యాహ్నం అందరూ భోజనాలకు పోయినప్పుడు నేను కెమెరా తీగను ఆక్సిజన్ గొట్టం పక్క నుంచి ఆ రాగి గొట్టంలోకే దూర్చాను. దూర్చేటప్పుడు ఆ అక్షరాలు నా వేళ్ల కిందే ఉన్నాయి. చదివాను. సన్న తీగే కదా, మా మీటరు ఎలాగూ ఒకసారి ఒప్పుకుంది కదా అనుకున్నాను. పైన పలక బిగించేశాను.

మిషన్ పంపే ముందు ఆ మిషన్ కంపెనీ మనిషి సొంత పరికరాలతో వచ్చి పరీక్ష చేశాడు. గది తప్పింది. ఇది ఇలాగే ఉంటే మిషన్ పంపేది లేదన్నాడు. మా యజమాని పొద్దున్నే హైదరాబాదు నుంచి దిగి, మెట్ల మీదే మొదలుపెట్టాడు. "చెప్పానా లేదా? ఆ బిందెల తాత పనే ఇది. పిలిపించు." సోమాచారికి కబురు వెళ్లింది, బస్సులో ఉన్నాడు. అందరూ కింద టీ తాగుతుండగా నేను ఒక్కణ్నే లోపలికి పోయి, తలుపు వేసుకుని, పలక ఊడదీసి, సోమాచారి అక్కడే వదిలి పోయిన ట్రాన్సిస్టరు పెట్టాను. గొట్టం దగ్గర పాట వినిపించింది. తీగను బయటికి లాగేశాను. పాట ఆగిపోయింది. పలక మళ్లీ బిగించి, తీగను చుట్ట చుట్టి జేబులో పెట్టుకున్నాను. కిందికి దిగి ఒక్క మాట చెబితే అయిపోయేది. మెట్ల మీద మా యజమాని ఎదురై, "తలుపు పక్క మూల అతుకు చూశాను, ఎగుడుదిగుడుగా ఉంది. అదే అయ్యుంటుంది" అన్నాడు. నేను అవుననలేదు, కాదనలేదు.

సోమాచారి సంచీ భుజాన వేసుకుని తిన్నగా ఆ మూల దగ్గరికే వచ్చాడు. వేలితో తడిమాడు. "ఇది మంచిగనే ఉన్నది సారు" అన్నాడు. "ఉంటే పరీక్ష ఎందుకు తప్పుతుంది? మళ్లీ వెయ్యి" అన్నాడు మా యజమాని. ఆయన పాత తగరాన్ని కరిగించి తీసి, తోమి, మళ్లీ మాటు వేశాడు. మళ్లీ పరీక్ష పెట్టారు. గది నెగ్గింది. నెగ్గకేం చేస్తుంది, తీగ నా జేబులో ఉంది. "చూశావా పెద్దాయనా" అని మా యజమాని నవ్వాడు. డాక్టరూ నవ్వాడు. సోమాచారి నవ్వలేదు. కరిగించి తీసిన పాత తగరం ముక్కను అరచేతిలో పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, నా దగ్గరికి వచ్చాడు.

"సేటు, నువ్వు జూసినవ్ గద. ఆ మాటు నువ్వే దీపం పట్టి జూసినవ్. దాంట్ల సందు ఉండెనా?"

ఆయన నమ్మే మనిషిని నేనొక్కడినే ఉన్నాను ఆ గదిలో.

"చిన్న సందు ఉండెనేమో అన్నా" అన్నాను.

ఆయన తల ఊపాడు. "ఉండొచ్చు" అన్నాడు. తగరం ముక్కను జేబులో వేసుకున్నాడు. నా జేబులో తీగ, ఆయన జేబులో తగరం, ఇద్దరం ఒకే మెట్ల మీద నుంచి దిగాం. ఆ తీగను నేను మానుకోట స్టేషన్ పక్క మురికికాలువలో పడేశాను. కెమెరా వద్దని, కిటికీ అద్దంలోంచి చూడవచ్చని డాక్టరుకు చెబితే, ఎందుకని కూడా అడగకుండా సరేనన్నాడు. అంత తేలికైన విషయం అది.

నాలుగు నెలల తరువాత పెంబర్తి మీదుగా పోతూ ఆగాను. కొలిమి చల్లగా ఉంది. లక్క దిమ్మ గోడకు ఆనించి ఉంది, దాని మీద అమ్మవారి ముఖం లేదు. రేగొండ వాళ్లకు సగం పనితోనే వాపస్ ఇచ్చేశానన్నాడు. ఎందుకన్నా అంటే, "మనిషి కవచంల సందు పెట్టిన చెయ్యి సేటు. దేవుని దానికి ఎట్ల పెడ్తది?" అన్నాడు. మామూలుగా, వానల సంగతి చెప్పినట్టు చెప్పాడు. పనిముట్లు గోనె సంచిలో కట్టి ఉన్నాయి. భాగ్య రమ్మంటోందని, భూపాలపల్లి పోతున్నానని, మనవణ్ని ఎత్తుకుంటానని అన్నాడు. చెప్పడానికి నాకు అదే సరైన సమయం. గడప దాకా వచ్చిన మాట వెనక్కి పోయింది. మా యజమాని అప్పటికే నన్ను పనులన్నిటికీ పెద్దను చేశాడు. ఇప్పుడు చెబితే ఆ నాలుగు నెలలు ఏం చేశావని అడుగుతారు అనుకున్నాను. ఆ నాలుగు నెలలు ఏడాది అయ్యాయి, ఏడాది తొమ్మిదేళ్లు అయింది. వెళ్లేటప్పుడు ఆయన ట్రాన్సిస్టరు నా చేతిలో పెట్టాడు. "నీకు అక్కరకొస్తది. నేనేం ఇంటున్న" అన్నాడు.

ఆ ట్రాన్సిస్టరు ఇప్పటికీ నా సంచిలోనే ఉంటుంది. ఎన్ని ఖరీదైన మీటర్లు వచ్చినా, కొత్త గది మూసిన రోజు ముందు దాన్నే పెడతాను. కాగితం పట్టీలతో కొలత తీయడం, రెండు ముక్కలు అతికి తడి గోనెలో పెట్టి చూడడం, గొట్టం కట్టు మీద 'తీగ వద్దు' అని కొట్టించడం, ఇవన్నీ నా దగ్గర పనిచేసేవాళ్లకు నేనే నేర్పాను. ఎక్కడ నేర్చుకున్నారు సార్ అని అడిగితే ఒక పెద్దాయన దగ్గర అనేవాణ్ని. పేరు చెప్పేవాణ్ని కాదు. చెబితే ఆయన ఇప్పుడేం చేస్తున్నాడని అడుగుతారని భయం. మా యజమాని మాత్రం కొత్తవాళ్లు వచ్చినప్పుడల్లా బిందెల తాత కథ చెప్పి నవ్వించేవాడు. ఆ నవ్వుల్లో నేనూ ఉన్నాను.

పోయిన ఎండాకాలం భాగ్య ఫోన్ చేసింది. "అన్నా, బాపుకు కుడి చెయ్యి పట్టు తప్పుతున్నది. మెడల నరం నొక్కుకపోయిందంటున్నరు. స్కానింగ్ తియ్యాల్నంటే లోపటికి పోనంటున్నడు. భూపాలపల్లిల గది మీరే కట్టిండ్రంట గద. సేటు వచ్చి మంచిగుందంటే పోత అంటున్నడు." ఆయన తన చేతిని నమ్మడం మానేసి, నా మాటను మాత్రం నమ్ముతున్నాడు.

మరునాడు భూపాలపల్లి వెళ్లాను. వరండా బల్ల మీద భాగ్య, ఆమె భర్త నడుమ కూర్చుని ఉన్నాడు. సగం అయిపోయాడు. కుడి చేతిని ఎడమ చేతిలో, వేరేవాళ్ల వస్తువును పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. "వచ్చినవా సేటు" అని లేచి, నా భుజం ఆసరాగా తలుపు దాకా నడిచాడు. అంచున ఉన్న రాగి పత్తీలను ఎడమ చేతి వేలితో ఒక్కొక్కటే మీటుతూ పోయాడు. "డబ్బా తెచ్చినవా? పెట్టి చూద్దామా?" అన్నాడు. మిషన్ లోపలి పెద్ద అయస్కాంతం ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుందని, ట్రాన్సిస్టరును గుంజుకుంటుందని చెప్పాను. "గట్లనా. మరి నువ్వు మంచిగున్నదంటవా?"

"ఉన్నదన్నా."

ఆ మాట మీద లోపలికి వచ్చి బల్ల మీద పడుకున్నాడు. స్కానింగ్ తీసే అమ్మాయి సునీత, మానుకోట వైపు తండా నుంచి వచ్చిన పిల్ల, ఆయన మెడ చుట్టూ సర్ది, కాగితాలు చూసుకోవడానికి బయటికి పోయింది. తలుపు ఓరగా ఉంది. మేమిద్దరమే మిగిలాం. ఇంకెప్పుడూ చెప్పలేనని తెలిసిపోయింది.

"అన్నా, మానుకోటల ఆ మూల మాటుల సందు లేకుండె" అన్నాను. "నువ్వు కాన్పుకు పోయినప్పుడు నేను తీగ పెట్టిన. నువ్వొచ్చే ముంగట తీసి దాచిన."

మిషన్ లోపల ఎక్కడో పంపు కొట్టుకుంటోంది.

"ఏ గొట్టంల?"

"ఆక్సిజన్ గొట్టంల."

"రాసిన గద."

"చదివిన అన్నా. చదివే పెట్టిన."

ఎడమ చేత్తో కుడి చేతిని పైకెత్తి కళ్ల ముందు పెట్టుకున్నాడు. వేళ్లు వాలిపోయి ఉన్నాయి. "తొమ్మిదేండ్ల సంది దీన్ని తిడుతున్న సేటు" అన్నాడు. "బుక్క కలుపుకునేటప్పుడు గూడ తిట్టిన. ఇప్పుడు తెలిసి ఏం చేస్తది ఇది, సుత్తె గూడ పట్టదాయె." గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు కొంచెం ఆసరాగా ఉండేది. నేను ఆయన కాళ్ల మీద చెయ్యి వేశాను. ఆయన కాళ్లు వెనక్కి తీసుకోలేదు, తల మాత్రం నా వైపు తిప్పాడు.

"ఈడ చెప్తివి. రాగి గదిల. ఈడిది బైటికి పోదని నువ్వే నేర్పినవ్ నాకు. బైటికి పోయి చెప్పు."

సునీత వచ్చి నన్ను పంపించి తలుపు వేసింది. రాగి పత్తీలు చట్రాన్ని పట్టుకున్న చప్పుడు వినిపించింది. మిషన్ డబడబ మోగడం మొదలుపెట్టింది. అరగంట ఆ వరండాలో నిలబడ్డాను. బల్ల మీద భాగ్య, ఆమె భర్త, వాళ్ల పక్కన వరుస కోసం కూర్చున్న ముగ్గురు నలుగురు ఉన్నారు. "మంచిగనే ఉన్నడా అన్నా, భయపడ్డడా?" అని భాగ్య అడిగింది. భయపడలేదన్నాను. బయట గేటు దగ్గర నా బండి ఉంది. పోదామా అన్న ఆలోచన రాలేదంటే అబద్ధమవుతుంది.

తలుపు తెరుచుకుంది. సునీత రెక్క పట్టుకుని నడిపిస్తుంటే ఆయన బయటికి వచ్చి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కూర్చోమని భాగ్య కుర్చీ జరిపింది, కూర్చోలేదు.

"చెప్పినవా?"

"లేదన్నా. నువ్వు రావాల్నని ఆగిన."

"వచ్చిన గద."

ఆయన ఆ వానాకాలంలోనే పోయాడు. ఆ చెయ్యి మళ్లీ సుత్తి పట్టలేదు, రేగొండ అమ్మవారి కవచం ఇంకెవరో పూర్తి చేశారు. నేను చేసిన దానిలో ఏదీ వెనక్కి రాలేదు. ఆ రోజు ఆ వరండాలో, భాగ్య ముందు, ఆమె భర్త ముందు, సునీత ముందు, మాకు ఏమీ కాని ఆ ముగ్గురు నలుగురి ముందు నిలబడి నేను చెప్పింది ఇది:

"ఈయన పెంబర్తి సోమాచారి. మానుకోట స్కానింగ్ గదికి రాగి కవచం కట్టింది ఈయన. ఆ గది పరీక్షల తప్పితే ఈయన మాటుల సందు ఉన్నదన్నరు. సందు లేదు. తీగ పెట్టింది నేను. తీసి జేబుల దాచుకున్నది నేను. సోమన్న నన్ను అడిగితే అబద్ధం చెప్పింది నేను. అన్నా, నీ చెయ్యి ఎన్నడూ తప్పలేదు. తప్పింది నేను. నన్ను మాఫ్ చెయ్యి."